బూడిద చెరువు పక్కన ఊరు

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. గొట్టం నుంచి కారిన గ్యాస్ ఊరిని కమ్మేసింది. అది అంటుకోగానే నిద్రలో ఉన్నవారిని మంటలు చుట్టుముట్టాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, ఇళ్ల చుట్టూ కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. తేమ లేని గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు కలిసిన గ్యాస్ పంపడంతో తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది. వాసన వస్తోందని ముందే మొరపెట్టుకున్నా వినిపించుకోలేదని గ్రామస్థులు ఆక్రోశించారు.

పొగ, బూడిద లేని జలవిద్యుత్తు కూడా ప్రాణాలు తీసింది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి, సొరంగం పొగతో నిండి, 9 మంది లోపలే మరణించారు.

ఇలాంటి దుర్ఘటనలను ఎవరూ మరచిపోరు. బొగ్గు బలిగొనే ప్రాణాలకు మాత్రం తేదీ ఉండదు. యూనిట్ విద్యుత్తుకు ఎన్ని ప్రాణాలు పోతున్నాయని లెక్కిస్తే అన్నిటికంటే ముందుండేది బొగ్గే. ఆ మరణాల్లో అధికం గాలి కాలుష్యం వల్లే. మన బొగ్గు వంద టన్నులు కాలిస్తే ముప్పై టన్నులకు పైగా బూడిదే మిగులుతుంది. అందులో కొంత నీళ్లలో కలిపి బూడిద చెరువుల్లోకి వదులుతారు. ఎండాకాలం చెరువు ఎండి గాలి లేచిందంటే, దండెం మీది బట్టలూ మూత పెట్టని బిందే బూడిద రంగుకు తిరుగుతాయి. కంటికి కనిపించనంత సన్నని నుసి పసిపిల్లల ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాలున్న రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం పరిసరాల వారికి ఇది చెప్పనక్కరలేదు.

చెర్నోబిల్, ఫుకుషిమా అణు ప్రమాదాల పేర్లు విన్నవారు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం గురించి అడిగే ప్రశ్నలు న్యాయమైనవి, జవాబు చెప్పి తీరాలి. సౌర ఫలకాలకూ కాలం చెల్లాక వ్యర్థాల సమస్య ఉంది. అయితే అణువును చూసి కలిగే భయంలో పదో వంతైనా బూడిదను చూసి కలగకపోవడం మమ్మల్ని కలవరపెడుతోంది.

అందుకే మా డిమాండ్లు రెండు. పైపులైన్ల తనిఖీ నివేదికలను తెలుగులో ఆయా గ్రామ పంచాయతీలకు ఇవ్వాలి. బూడిద చెరువుల పక్క ఊళ్లలో గాలి, తాగునీటి పరీక్షల ఫలితాలను నెలనెలా పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించాలి. వచ్చే వేసవి గాలులు మొదలయ్యేలోపే ఇది జరగాలి.