మూడేళ్ల పులుపు, మూడో పూట పులుపు

మా ఇంట్లో ఏదైనా పులిసిపోతే చేసే పని ఒకటే. పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో పారబోస్తాం. ఈ అలవాటు అనాగరికమనీ, అంతర్జాతీయ ప్రమాణాలకు బొత్తిగా తూగదనీ పోయిన మే నెలలో తెలిసింది. తెలియజేసినవాడు మా మేనల్లుడు. బ్రస్సెల్స్‌లో ఉద్యోగం. రాజోలు దగ్గర మా ఊరికి సెలవులకి వస్తూ, సూట్‌కేసులో రెండు లుంగీల మధ్య చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఒక సీసాని పడుకోబెట్టి తెచ్చాడు.

సీసాకి కార్కు, కార్కు మీద తీగ చుట్టు. "సోర్ ఏల్ మావయ్యా, పుల్ల బీరు. గూజ్ అంటారు. ఓక్ పీపాల్లో మూడేళ్ల దాకా ఉంది" అన్నాడు. పులిసిపోయిన బీరన్నమాట అన్నాను. "పులిసిపోయింది కాదు, పులియబెట్టింది" అని సరిదిద్దాడు. వ్యాకరణంలో ఈ రెండింటికీ ఉన్న తేడా స్వల్పం. ధరలో ఉన్న తేడా, వాడు చెప్పిన అంకెని బట్టి, మా ఇంటి నెల పాల బిల్లు.

పైగా దాన్ని ఊరికే తాగెయ్యకూడదట. మూల్యాంకనం చెయ్యాలట. పదో తరగతి పేపర్లకి తప్ప ఈ మాట వాడగా నేను వినలేదు. బీరు జడ్జీలకు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లిచ్చే బీజేసీపీ అనే అమెరికా సంస్థ ఒకటుంది. వాళ్ల ఫారంలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. 45, ఆపైన వస్తే అద్భుతం. 13 దాటకపోతే సమస్యాత్మకం. అయితే సరుకు ఎంత ఘోరంగా ఉన్నా 13కి తగ్గించి వేయకపోవడం జడ్జీల్లో మర్యాద. ఆ మాట వినగానే ఫారం మీద నాకు గౌరవం పుట్టింది. కాకపోతే వాళ్ల మర్యాద మరీ 13 దగ్గరే ఆగిపోయింది. మా గోదారి జిల్లాల పెళ్లి భోజనాల్లో పప్పు అడుగంటినా "ఆయ్, దివ్యంగా ఉందండి" అంటాం. మాడు సంగతి ఇంటికెళ్లాక, చెప్పులు విప్పకముందే మొదలుపెడతాం. ఆ లెక్కన మా దగ్గర కనీస మార్కు 40.

న్యాయనిర్ణేతలు నలుగురం. నేను, వాడి తండ్రి అయిన మా బావగారు, నలభై ఏళ్లుగా తాటిచెట్లు ఎక్కుతున్న మా ఊరి కల్లుగీత పెద్దాయన, మా అమ్మ. అమ్మ ముట్టదు. కేవలం వాసన విభాగానికి.

పది నుంచి పదమూడు డిగ్రీల చల్లదనంలో పొయ్యాలన్నాడు. మేలో మా ఊళ్లో కరెంటుంటే ఆ మాట అడగొచ్చు. తీగ విప్పీ విప్పగానే కార్కు వెళ్లి దూలానికి తగిలింది. అరుగు మీద కుక్క లేచి వీధి చివరికి వెళ్లిపోయింది. పొట్టతో, సన్నని మెడతో ఉండే ప్రత్యేకమైన గాజు గ్లాసు కావాలన్నాడు. స్టీలు గ్లాసులు ఇచ్చాం. స్టీలు గ్లాసులో రంగూ, తేటదనమూ కనిపించవు కాబట్టి రూపానికున్న 3 మార్కులూ మర్యాదగా పూర్తిగా వేసేశాం.

అసలు చిక్కు వాసన దగ్గర వచ్చింది. ఈ రకం బీరులో ఉండాల్సిన సుగుణాల్లో ఒకటి, గుర్రం మీద కప్పిన దుప్పటి వాసన. ఇది నా చమత్కారం కాదు, అక్కడి జడ్జీలు నిజంగా వాడే మాట. కోనసీమలో గుర్రమంటే పెళ్లికొడుకు కింద ఒక గంట కనిపించేదే. దాని దుప్పటి వాసన చూసే తీరిక ఆ హడావిడిలో ఎవరికుంటుంది? గ్లాసు అమ్మ చేతికిచ్చాం. కళ్లు మూసుకుంది. "గేదెల పాకలో తడిసిన గోనెసంచి" అంది. మళ్లీ పీల్చింది. "అటుపక్కన తరవాణి కుండ. దబ్బాకు వేసింది."

మేనల్లుడు ఎగిరి గంతేశాడు. "కరెక్ట్ అమ్మమ్మా! పశువుల పాక, తడి గడ్డి, నిమ్మ జాతి!" అంటూ 12కి 11 వేసుకున్నాడు. "ఒరేయ్, మీ అమ్మ పెళ్లిచూపులనాడు పాకలోంచి ఇదే వాసన వస్తోందని సీసాడు ఫినాయిలు పోయించాం గదరా" అంది అమ్మ. బావగారు ఆనాడే పసిగట్టినట్టున్నారు, గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు.

ఈ వాసనకి కారణం బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు, అంటే పులియబెట్టే ఒక సూక్ష్మజీవి. 1904లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో క్లాసెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లిష్ బీర్ల మీద పనిచేస్తూ దీన్ని బయటపెట్టాడు. పేరుకర్థం బ్రిటిష్ శిలీంధ్రం. బ్రిటిష్‌వాళ్లు మాకు కాటన్ దొరని, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టనీ ఇచ్చారు గనక ఈ ఒక్క శిలీంధ్రాన్ని క్షమించవచ్చు.

తయారీ విన్నాక మాత్రం క్షమించడం అమ్మవల్ల కాలేదు. బ్రస్సెల్స్ పక్క సెన్నె నది లోయలో చలికాలం రాత్రుళ్లు, గోధుమా బార్లీ మాల్టూ కలిపి కాచిన రసాన్ని వెడల్పాటి లోతులేని పళ్లెంలో పోసి తెల్లార్లూ గాలికి వదిలేస్తారు. గాలిలోంచి ఏ ఈస్టు పడితే దాని ప్రాప్తం. "మూతెయ్యకుండానే? బల్లి పడితే?" అంది అమ్మ. వాడు సమాధానం దాటేశాడు. తర్వాత ఓక్ పీపాల్లోకి ఎక్కిస్తారు. చాలావరకు అంతకుముందు వైను పోసిన పీపాలే. కొన్ని నెలలకి అందులో ఒకరకం బాక్టీరియా చేరి సరుకు జిగురుగా తీగ సాగుతుంది. "తీగసాగిన పెరుగు గేదె కుడితిలో కలుపుతాం" అంది అమ్మ. వాళ్లు కలపరు. కాచుక్కూచుంటారు. ఆ జిగురుని ఇందాకటి బ్రిటిష్ శిలీంధ్రమే మెల్లగా తినేస్తుంది. ఇక ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాకెత్తితే అదే గూజ్. ఆ ఊళ్లో ఒక పాత బ్రూవరీలో సాలెగూళ్లు కూడా దులపరట, ఈగల్ని సాలీళ్లు పడతాయని. ఇది విన్న మా ఆవిడ, ఇరవై ఏళ్లుగా తన మీద నేను మోపిన అభియోగం ఒకటి ఆ క్షణాన కొట్టివేయబడినట్టు ప్రకటించింది.

రుచి సంగతి. మొదటి గుక్కకి దవడలు రెండూ లోపలికి లాక్కుపోయాయి, పచ్చి ఉసిరికాయ కొరికినట్టు. రెండో గుక్కకి దబ్బకాయ తొక్క, కాస్త చెక్క వగరు. మూడో గుక్కకి, ఒప్పుకోవాలి, బాగుంది. తీపి అనేది మచ్చుకైనా లేదు. వేసవి మధ్యాహ్నం తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకున్నాక గొంతులో దిగే చల్లదనం ఉందే, అదీ. 20కి 16 వేశాను.

పెద్దాయన మాత్రం ఫారం వైపు చూడలేదు. గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని నురగ చప్పుడు విన్నారు. ఒక గుక్క పుక్కిలించి మింగారు.

"ఎప్పుడు దింపిందండీ ఇది?"

"మూడేళ్లయింది" అన్నాడు మావాడు గర్వంగా.

"మూడేళ్లా! మూడో పూటకే మా సరుకు ఎవరూ ముట్టుకోరండి బాబూ."

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. చెట్టుకు కట్టే కల్లు కుండకి, అదే లొట్టికి, లోపల సున్నం పూస్తే నీరా తియ్యగా నిలుస్తుంది. పుయ్యకపోతే చెట్టు మీదుండగానే పులియడం మొదలు. అదీ గాలిలో ఈస్టే, లొట్టికి అంటుకుని ఉన్న ఈస్టే. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి వెనిగర్ దారి. గంట గంటకీ ధర దిగిపోతుంది. ఆ పక్క బ్రస్సెల్స్ సరుక్కి ఏటేటా ఎక్కుతుంది. సూక్ష్మజీవులకి ఈ వివక్ష సంగతి తెలిసినట్టు లేదు, రెండుచోట్లా ఒళ్లు దాచుకోకుండానే పనిచేస్తున్నాయి. తేడా ఎక్కడుందంటే, పెద్దాయన దగ్గర కార్కు లేదు, ఫారం లేదు, పాక వాసనని సుగుణంగా రాసిపెట్టే మనిషీ లేడు. అందుకని మా డెల్టాకి తక్షణం ఒక మూల్యాంకన మండలి కావాలని డిమాండ్ చేస్తున్నాను. పాచిపోయింది, బూజు కంపు, మేకపోతు కంపు లాంటి మాటల్ని నిషేధించి, వాటి స్థానంలో గుణం, లోతు, వ్యక్తిత్వం అనే మాటలు వాడాలి. మా ఆవిడ అప్పుడే అమల్లో పెట్టింది. మొన్నటి పప్పుచారు వడ్డిస్తూ "లోతు వచ్చిందండి" అంది. మర్యాదకి 40 వేశాను.

పెద్దాయన మొత్తం ఎన్ని మార్కులేశారని అడుగుతారేమో. చిన్నబాబుగారు అంత దూరం మోసుకొచ్చారు గనక ఎన్నయినా రాసుకోమన్నారు. వెళ్తూ వెళ్తూ ఖాళీ సీసా ఇస్తారా అని అడిగారు, మూత గట్టిదట. అడుగున ఇంకా రెండు వేళ్ల బీరుంది, రేపు ఇస్తానన్నాను.

తెల్లారి లేచేసరికి సీసా కడిగి బోర్లించి ఉంది. నూతి గట్టు మీద అమ్మ కూచుని తాతల నాటి ఇత్తడి చెంబు తోముతోంది. ఎండ పడి చెంబు బంగారంలా మెరుస్తోంది.

"చింతపండు అక్కర్లేకుండా వదిలిందిరా" అంది. "వాణ్ణి వచ్చే ఏడు ఇంకోటి తెమ్మను."