స్టేషన్‌కి రమ్మంటే కాగితం ఇవ్వండి

"ఒకసారి స్టేషన్‌కి రా, ఎస్సై గారు మాట్లాడతారంట." ఈ ఒక్క ఫోన్ చాలు, ఆ పూట ఇంటిల్లిపాదికీ ముద్ద దిగదు. ఎవరు కంప్లైంట్ ఇచ్చారు, ఏ కేసు, ఏమీ చెప్పరు, గట్టిగా అడిగితే "వస్తే తెలుస్తది కదరా" అంటారు. వెళ్తే బెంచీ మీద కూర్చోమంటారు, సెల్‌ఫోన్ తీసుకుని రైటర్ టేబుల్ సొరుగులో పడేస్తారు, సార్ బందోబస్తులో ఉన్నారు వచ్చాక చూద్దాం అంటారు, ఇక పొద్దు గుంకేదాకా అంతే. గేటు బయట తల్లో భార్యో నిలబడి, వచ్చిపోయే ప్రతి కానిస్టేబుల్ మొహం వంక చూస్తూ ఉంటుంది, ఒక్కరైనా ఏదైనా చెప్తారేమో అని. రాత్రికి ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేస్తారు. ఆ మనిషి ఆ రోజంతా స్టేషన్‌లో ఉన్నట్టు జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకంలో, ఒక్క ముక్క ఉండదు.

మేము మాట్లాడాలనుకున్నది ఆ రాయని ముక్క గురించే. లాకప్ డెత్ జరిగితే అందరం రాస్తాం, అరుస్తాం, రెండు వారాలకి మర్చిపోతాం, కానీ ఆ చావుకి ముందు చాలాసార్లు ఇలాంటి పిలుపే ఉంటుంది, కాగితం లేని పిలుపు. అరెస్టు చేసినవాళ్లని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తోంది, అయితే అరెస్టు అని రాస్తేనే కదా ఆ 24 గంటల లెక్క మొదలయ్యేది, రాయకుండా "ఊరికే మాట్లాడటానికి పిలిచాం" అంటే గడియారమే తిరగదు. ఇక్కడే ఉంది అసలు కిటుకు అంతా.

చట్టం లేదా అంటే బోలెడంత ఉంది. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనిపించేలా బ్యాడ్జి పెట్టుకోవాలి, అరెస్టు మెమో రాసి సాక్షితో సంతకం చేయించాలి, ఇంట్లోవాళ్లకి కబురు చెప్పాలి అని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1996 డిసెంబర్‌లో. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో చటుక్కున అరెస్టు చేసేయొద్దు, ముందు నోటీసు ఇవ్వండి అని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే చట్టంలో 35వ సెక్షన్ చెప్పేదీ అదే. ఆ నోటీసుని వాట్సాప్‌లో పంపితే చెల్లదని కూడా 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. వాట్సాప్ మెసేజే చెల్లనప్పుడు "రారా" అని చేసే ఫోన్ ఎలా చెల్లుతుంది? సాక్షిగా విచారించాలన్నా ఆడవాళ్లని, 15 ఏళ్లలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్లని స్టేషన్‌కి రమ్మనకూడదు, పోలీసులే వాళ్ల ఇంటికి వెళ్లాలి, ఈ సంగతి ఎంతమంది అమ్మలకి తెలుసు?

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో ఒక తండ్రీ కొడుకులని స్టేషన్‌లో పెట్టి కొట్టి చంపారు, గొడవ దేని గురించయ్యా అంటే లాక్‌డౌన్ టైమ్‌లో షాపు మూసే విషయం. విచారణకి వెళ్లిన మేజిస్ట్రేట్ సీసీటీవీ ఫుటేజీ చూద్దామంటే అది ఏ రోజుకారోజు దానంతటదే చెరిగిపోయేలా సెట్ చేసి ఉంది. హార్డ్‌డిస్క్‌లో చోటు లేక కాదు, చోటు ఉంది. డైరీలో రాయకపోవడమూ ఇదీ ఒకటే పని అని మా అభిప్రాయం. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, గేటు అన్నీ కనబడేలా ఆడియోతో సహా కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఐదేళ్లు తిరక్కుండానే, 2025 సెప్టెంబర్‌లో, స్టేషన్లలో కెమెరాలు పనిచేయట్లేదని మళ్లీ అదే కోర్టు తనంతట తానే (సుమోటోగా) కేసు తీసుకోవాల్సి వచ్చింది.

రోడ్డు మీద కూడా ఇదే కథ. బండి ఆపగానే ముందు తాళం లాగేస్తారు, మాట తర్వాత. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు దారినపోయేవాళ్లని ఆపి, ఫోన్ తీయించి వాట్సాప్‌లో గంజాయి అన్న పదం కొట్టి వెతికారు, ఆ వీడియో అందరం చూశాం. ప్రైవసీ ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీలు చెప్పి అప్పటికి నాలుగేళ్లు దాటింది. పోలీసు అడిగితే కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి, "ఏరా, దాచుకోవడానికి ఏముంది" అన్నాక?

పోలీసుల కష్టం మాకు తెలీక కాదు. రోజుకి సగటున 14 గంటల డ్యూటీ అని 2019లో దేశవ్యాప్త సర్వే ఒకటి తేల్చింది, పండగా లేదు పబ్బం లేదు, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో తాగినోడు కాలర్ పట్టుకున్నా ఓర్చుకోవాలి, ఇంకోపక్క లీడర్ ఫోన్ చేసి ఫలానావాణ్ణి పిలిపించు, కాస్త భయపెట్టు అంటాడు. భూమి తగాదాల్లో, అప్పుల గొడవల్లో స్టేషన్ సెటిల్‌మెంట్ ఆఫీసు అయిపోయింది ఇందుకే. కానీ ఒకటి ఆలోచించండి, ప్రతి పిలుపుకీ నోటీసు ఉండాలి, డైరీలో టైమ్ రాయాలి అని గట్టిగా ఉంటే ఆ లీడర్‌కి "సార్, రాతపూర్వకంగా ఇవ్వండి" అని చెప్పే వీలు ఎస్సైకే దొరుకుతుంది. సాత్తాన్‌కుళంలో జరిగింది జరిగినట్టు మేజిస్ట్రేట్‌కి చెప్పింది కూడా అదే స్టేషన్‌లో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబులే, అలాంటివాళ్లని కాపాడేది ఆ రాతే.

పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో ఒక అథారిటీ పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్ మీద ఫిర్యాదు చేయాలంటే ఇప్పటికీ జనం ఆ స్టేషన్ మెట్లే ఎక్కాల్సి వస్తోంది.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీల్నీ మేము అడిగేది చాలా చిన్న పని. ప్రతి స్టేషన్ గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టించండి, లోపలికి వచ్చినవాళ్ల పేరు, ఎవరు పిలిచారు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పంపారు, అంతే. ఆ పేజీ ఒక కాపీ, బయట నిలబడ్డ ఆ తల్లి చేతిలో పెట్టించండి.