ఆమె మనసు కదిలితే విలన్ అయిపోవాలా?

మన సీరియళ్లలో పెళ్లయిన మగవాడి మనసు పక్కకు మళ్లితే కథ మొదలవుతుంది. పెళ్లయిన ఆడదాని మనసు మళ్లితే ఆమె పనైపోతుంది. 2020లో స్టార్ మాలో మొదలైన ‘ఇంటింటి గృహలక్ష్మి’ సంగతే తీసుకోండి. కథానాయిక తులసి భర్త నందుకు లాస్యతో నడిచిన వ్యవహారం మీదే ఇల్లంతా తలకిందులైంది, ప్రేక్షకులు కళ్లార్పకుండా చూశారు. భర్త పక్కనుండగానే తులసికి ఇంకొకరి మాట నచ్చినట్టు చూపించి ఉంటే? ఆ సీరియల్‌ను మొదటి వారంలోనే దుమ్మెత్తిపోసేవాళ్లు.

ఆకర్షణ అడిగి రాదు. వచ్చినంత మాత్రాన అది సంబంధం అయిపోదు. ఈ రెండింటి మధ్య ఉన్న నేల మీద కాలు పెట్టడానికి మన రచయితలకు ధైర్యం చాలడం లేదు. ఆమె ఒక్క క్షణం ఎక్కువగా చూసిందంటే చాలు, పిడుగు శబ్దం, అత్త ముఖం మూడుసార్లు క్లోజప్, మరుసటి రోజు అదంతా ఎవరో పన్నిన కుట్ర అని తేలడం.

చూసేవాళ్లు అంత అమాయకులు కారు. తిరుపతి కొర్లగుంటలో సాయంత్రం పూట పూలు కట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని సీరియల్ చూశాను. బుట్టకు ఆనించిన ఫోన్‌లో, పెళ్లయిన హీరోయిన్ తనను పలకరించిన డాక్టరు వైపు చూసి నవ్వింది. “సిగ్గులేదు మే దీనికి” అని ఒకామె తిట్టింది. పక్కనున్న పెద్దామె నారకు ముడి వేస్తూనే అందుకుంది: “తిట్టబాక మే. ఇంట్లో ఎవురన్నా తిన్నావా అని అడిగినారా ఆ యమ్మిని? వాడు అడిగినాడు.” రచయిత దాటేసిన విషయం ఆమెకు ఒక్క చూపులో అందింది.

ఇంటిల్లిపాదీ చూసే సమయంలో ఇలాంటివి చూపిస్తే కాపురాలు కూలతాయని కొందరి భయం. విషం పెట్టడం, బిడ్డల్ని మార్చేయడం, కోడల్ని మెట్ల మీంచి తోసేయడం ఇదే ఇంటిల్లిపాదీ ఇదే సమయంలో చూస్తున్నారు. వాటికి లేని భయం ఒక మనిషి మనసుకేనా?

చట్టం కూడా చాలాకాలం ఇదే చూపుతో నడిచింది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి సెక్షన్ 497 కింద భార్య ప్రియుడి మీద కేసు పెట్టే హక్కు భర్తకే ఉండేది. భర్త సమ్మతి ఉంటే అసలు నేరమే కాదు. భర్త దారి తప్పితే భార్యకు ఆ సెక్షన్‌లో చోటే లేదు. భార్యను సొత్తుగా చూసే ఆ సెక్షన్‌ను 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. విడాకులకు కారణంగా వివాహేతర సంబంధం ఇప్పటికీ నిలుస్తుంది, జైలు మాత్రం లేదు. శిక్షాస్మృతి స్థానంలో 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ నేరాన్ని తిరిగి తేలేదు. కోర్టు వదిలేసిన శిక్షను సీరియళ్లు ఇంకా వేస్తూనే ఉన్నాయి.

సంప్రదాయం పేరెత్తేవాళ్లు ఒకసారి కొండ వైపు చూడాలి. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి శ్రీవారి ఆలయంలోనే దాచారు. వాటిలో ఆధ్యాత్మిక కీర్తనల కన్నా శృంగార కీర్తనలే ఎక్కువ. ఆయన నాయిక అలుగుతుంది, నిలదీస్తుంది, రాత్రంతా ఎక్కడున్నావని సాక్షాత్తు స్వామినే అడుగుతుంది. కోరికకూ అసూయకూ గుడిలో చోటిచ్చిన భాష మనది. ఐదు వందల ఏళ్ల తర్వాత మన హాల్లో టీవీ ముందు ఆ భాష నోరు మూసుకుంది. మొగుడూ పెళ్లాం మధ్య ఈఎంఐ గురించి, పిల్లల ఫీజు గురించి తప్ప మరో మాట నడవని ఇళ్లెన్నో. సీరియల్ ఆ ఇళ్లనే చూపిస్తోంది, ఆ మౌనాన్ని మాత్రం దాటేస్తోంది.

నేను అడిగేది ఒక్క ఎపిసోడ్. ఆమె మనసు కదిలింది. ఎవరితోనూ లేచిపోలేదు. ఆ రాత్రి భర్త పక్కన కూర్చుని, “ఇవాళ నాకిలా అనిపించింది” అని తనే చెప్పింది. కుట్రలూ పిడుగులూ లేకుండా, ఆయన ఏం జవాబిస్తాడో రాయండి.