సారా అడిగిన సర్టిఫికెట్

పన్నెండేళ్ళ సారా స్కూల్ టూర్‌కి వెళ్ళాలి. 200 యూరోలు కట్టాలి. యుద్ధంలో తండ్రి అమరుడైన పిల్లలు మాత్రం కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ చూపిస్తే చాలు. నాన్న షహీద్, అంటే అమరవీరుడు అని వింటూ పెరిగిన పిల్ల ఆ కాగితం తెమ్మని అడుగుతుంది. తల్లి ఎస్మా ఇవాళ, రేపు అంటూ దాటేస్తుంది. రాత్రిళ్ళు నైట్‌క్లబ్‌లో పనిచేసి, తెలిసినవాళ్ళందరి దగ్గరా అడిగి డబ్బే కడుతుంది.

బోస్నియా దర్శకురాలు యస్మిలా జ్బానిచ్ తీసిన 'గ్రబవిత్సా' కథ ఇది. 2006లో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. గ్రబవిత్సా బోస్నియా రాజధాని సరయెవోలో ఒక పేట. 1992లో బోస్నియా యుద్ధంలో సెర్బ్ సేనలు నగరాన్ని ముట్టడించాక ఆ పేట వాళ్ళ చేతిలో ఉండిపోయింది. ఎస్మాను ఆ సేనలవాళ్ళు క్యాంపులో బంధించి పదేపదే అత్యాచారం చేశారు. సారా అలా పుట్టిన బిడ్డ.

తల్లి మౌనానికి కారణం సిగ్గు, భయం అని చాలామంది అనుకుంటారు. నాకు అది సగమే అనిపిస్తుంది. చనిపోయిన మగవాడికి ప్రభుత్వం గౌరవమైన పేరు పెట్టింది, కాగితం ఇచ్చింది. బతికి బయటపడిన ఆడదానికి ఏ పేరూ లేదు. ఎస్మా చెప్పిన అబద్ధం ఆ ఖాళీలోంచే పుట్టింది.

సినిమా మొదట్లో తల్లీకూతుళ్ళు సరదాగా కుస్తీ పడుతుంటారు. సారా మీదెక్కి చేతులు నొక్కిపెట్టగానే ఎస్మా ముఖం మారిపోతుంది, ఆట ఆగిపోతుంది. కూతురికి ఏమీ అర్థం కాదు. క్యాంపును జ్బానిచ్ ఒక్కసారి కూడా తెరమీద చూపించదు. ఆ చేతులు చాలు. ఎస్మాగా చేసిన మిర్యానా కరనోవిచ్ సెర్బియా నటి. ఈ పాత్ర ఒప్పుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో! బోస్నియాలోనే సెర్బుల ప్రాంతమైన రిపబ్లికా స్ర్‌ప్‌స్కా థియేటర్లలో ఈ సినిమా వెయ్యలేదు మరి.

నాన్న పోలిక నాలో ఏముందని సారా ఒకసారి అడుగుతుంది. జుట్టు అంటుంది ఎస్మా. నిజం బయటపడ్డాక ఆ పిల్ల గుండు గీసుకుంటుంది. యుద్ధంలో నలిగిన స్త్రీలు కలుసుకునే మహిళా కేంద్రంలో ఎస్మా మొదటిసారి నోరు విప్పుతుంది. కడుపు పోవాలని పొట్టమీద గుద్దుకున్నానని, బిడ్డను చూడనన్నానని, పాలు పడ్డాక ఒక్కసారి ఇద్దామని చేతుల్లోకి తీసుకుంటే ఇంత అందమైనది లోకంలో ఉందా అనిపించిందని చెబుతుంది. ద్వేషమూ ప్రేమా ఒకే ఒంట్లో ఉండటం ఇంత నిజాయితీగా చెప్పిన సీన్ నేను మరొకటి చూడలేదు.

సినిమా విడుదలతో పాటే ఇలాంటి అత్యాచార బాధితుల కోసం సంతకాల ఉద్యమం నడిచింది. అదే ఏడాది బోస్నియాలోని రెండో భాగమైన ఫెడరేషన్ చట్టం మార్చి, ఈ స్త్రీలను యుద్ధంలో బాధితులైన పౌరులుగా గుర్తించింది. సారా లాంటి పిల్లలకు ఫెడరేషన్‌లో చట్టంలో చోటు దొరికింది మాత్రం 2023లో. అప్పటికి వాళ్ళకి ముప్పై ఏళ్ళు. సర్టిఫికెట్ అడిగే వయసు ఎప్పుడో దాటిపోయింది.

చివరికి సారా టూర్‌కి వెళ్తుంది. తల్లితో ఒక్క మాటా మాట్లాడకుండా బస్సెక్కుతుంది. బస్సు కదిలాక వెనకద్దంలోంచి, కాసేపు తటపటాయించి, చెయ్యి ఊపుతుంది.