పిరోస్మానీ నలుపుతోనే అక్షరాలు మొదలవ్వాలి

జార్జియా జానపద చిత్రకారుడు నికో పిరోస్మానీ బొమ్మల స్ఫూర్తితో ఒక డిస్‌ప్లే ఫాంట్, అంటే బోర్డులకూ శీర్షికలకూ పెద్ద సైజులో వాడే అక్షరాలు, చేయాలంటే చాలా సులువైన దారి ఒకటి కనిపిస్తుంది. అక్షరాలను కాస్త వంకరగా, వణుకుతున్నట్టు గీస్తే సరిపోతుంది. చిత్రకళ నేర్చుకోని చేయి, అమాయకపు గీత అన్న ముద్ర ఆయన మీద అంత బలంగా పడింది. ఆ దారిలో వెళితే ఆయనకు అన్యాయం చేసినట్టేనని నా అభిప్రాయం.

1862లో కఖేతీ ప్రాంతంలోని మీర్జానీ గ్రామంలో పుట్టిన పిరోస్మానీ రైల్వేలో పనిచేశాడు, పాల దుకాణం నడిపాడు. ఏదీ నిలవలేదు. జార్జియా రాజధాని త్బిలిసిని అప్పట్లో టిఫ్లిస్ అనేవారు. అక్కడ మద్యం, భోజనం అమ్మే చిన్న దుకాణాలకు సైన్‌బోర్డులు రాశాడు, గోడలకు బొమ్మలు వేసిచ్చాడు. చాలాసార్లు కూలి అంటే ఓ పూట తిండి, ఓ గ్లాసు వైన్. అక్షరాలు రాయడం ఆయన బతుకుతెరువులో భాగం. అందుకే ఆయన పేరు మీద ఫాంట్ రావడం నాకు కృత్రిమంగా అనిపించదు.

మరి ఆయన నుంచి ఏం తీసుకోవాలి? నలుపును. పిరోస్మానీ ఎక్కువగా నల్లటి ఆయిల్‌క్లాత్ మీద వేశాడు. నలుపు కావలసిన చోట రంగు పూయకుండా గుడ్డనే వదిలేసేవాడు. జుట్టు, నల్లకోటు, రాత్రి చీకటి, ఇలా చాలాచోట్ల మనకు కనిపించేది కింది గుడ్డే. తెలుపు, పసుపు, ఎరుపు ఆ చీకట్లోంచి పైకి వస్తాయి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అనే అచ్చు అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు. పైగా నల్లటి నేల మీద తెల్ల అక్షరం కంటికి ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది, లోపలి ఖాళీలు పూడుకుపోయినట్టు ఉంటాయి. అందుకే ఈ ఫాంట్‌ను మొదటి గీత నుంచీ నలుపు మీదే గీయాలి, లోపలి ఖాళీలను విశాలంగా ఉంచాలి. తెల్ల కాగితం కోసం కాస్త బరువైన రూపం విడిగా చేసుకోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. చేత్తో రాసిన బోర్డులో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఫాంట్‌లో వణుకు కూడా ప్రతిసారీ అదే వణుకు, నకిలీ అని వెంటనే తెలిసిపోతుంది. బాపు చేతిరాత ఫాంటుగా మారినప్పుడు మనకూ ఇది అనుభవమే. చూడగానే బాపు అని గుర్తుపడతాం, పేజీ నిండా అవే అక్షరాలు పరిచేసరికి ఆ చేతి ఊపు పల్చబడుతుంది. నేటి ఫాంట్లు వాడే ఓపెన్‌టైప్ అనే ఫార్మాట్‌తో ఒక్కో అక్షరానికి మూడు నాలుగు రూపాలిచ్చి, పక్క అక్షరాన్ని బట్టి మారేలా చేయవచ్చు. జార్జియన్లు నేడు వాడే మ్ఖెద్రులి లిపిలో 33 అక్షరాలే, గుణింతాలూ ఒత్తులూ లేవు. తెలుగు ఫాంట్లు చేసేవాళ్లు వందల రూపాలతో కుస్తీ పడతారు కాబట్టి ఆ వెసులుబాటు ఎంత విలువైనదో వాళ్లకు బాగా తెలుసు. దాన్ని వాడుకోకపోవడం బద్ధకమే.

1912లో టిఫ్లిస్‌లో పిరోస్మానీని గుర్తించి లోకానికి చూపినవాళ్లు చిత్రకారుడు మిఖాయిల్ లె దాంత్యు, జ్దనేవిచ్ సోదరులు (చిత్రకారుడు కిరిల్, కవి ఇల్యా). మరుసటి ఏడాదే ఆయన బొమ్మలు మాస్కో ప్రదర్శనకు వెళ్లాయి. ఈ ఇల్యాయే తర్వాత పారిస్‌లో ఇలియాజ్ద్ పేరుతో అచ్చు అక్షరాలతో సాహసాలు చేసి పేరు తెచ్చుకున్నాడు. పిరోస్మానీకీ టైపోగ్రఫీకీ మధ్య దారి అప్పుడే పడిందన్నమాట.

1918లో ఆయన కటిక పేదరికంలో పోయాడు, సమాధి ఎక్కడో కూడా తెలియదు. ఆయన ముఖం తర్వాత జార్జియా కరెన్సీ అయిన లారీలో 1 లారీ నోటు మీదికెక్కింది. ఇలాంటి మనిషి పేరుతో చేసే ఫాంట్ ఖరీదైన వైన్ సీసాల లేబుళ్లకే పరిమితం కాకూడదు. త్బిలిసిలో రొట్టెల కొట్టువాడు కూడా డబ్బు కట్టకుండా తన బోర్డుకు వాడుకునేలా లైసెన్సు ఇవ్వాలి. ముందు జార్జియన్ అక్షరాలు గీయాలి, వాటి వంపుల నుంచే లాటిన్ (ఇంగ్లిష్ రాసే లిపి), సిరిలిక్ (రష్యన్ రాసే లిపి) రూపాలు పుట్టాలి. అమ్మకాల కోసం లాటిన్‌తో మొదలుపెడితే, 33 అక్షరాలూ పరాయి కొలతల్లోకి ఒదగాల్సి వస్తుంది.