పాత పికప్పుకి లావు రాగి ప్లగ్ వైర్లా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకీ జవాబు

కొన్నాళ్లుగా మన వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అంబాజీపేట కొబ్బరి లోడ్ల వాళ్లూ పంపుతున్నారు, భీమవరం వైపు రొయ్యల మేత తోలేవాళ్లూ పంపుతున్నారు. చూడనివాళ్ల కోసం సారాంశం ఇది: "మీ పాత పికప్ బండికి కంపెనీ ప్లగ్ వైర్లు పీకేసి 10 మిల్లీమీటర్ల లావు రాగి వైర్లు వేయించండి. కంపెనీ వైరులో ఉండేది తీగ కాదు, కార్బన్ పూసిన దారం, సగం కరెంటు అక్కడే పోతుంది. రాగి వేస్తే స్పార్కు డబుల్, లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. ఎర్ర సిలికాన్ కాబట్టి జన్మలో మార్చక్కర్లేదు. ఏ వైరు పోయిందో తెలియాలంటే ఇంజిన్ తిరుగుతుండగా ఒక్కొక్కటీ పీకి చూడండి. బిగించేటప్పుడు టోపీ నిండా గ్రీజు కూరండి."

దీన్ని నమ్మి డబ్బు తగలేసుకునేది కిరాయి బండి మీద బతికేవాళ్లు. అందుకే ఓపిగ్గా ఒక్కో మాటా తీసి రాస్తున్నాను.

అసలు ఈ మెసేజ్ ఏ బండికి? ప్లగ్ వైరంటే బ్యాటరీ కరెంటుని హై వోల్టేజీగా మార్చే కాయిల్ వైపు నుంచి స్పార్కు ప్లగ్‌కి వెళ్లే వైరు, ప్లగ్ నెత్తిన కూర్చునే దాని రబ్బరు చివరే టోపీ. మన రోడ్ల మీద తిరిగే పాత పికప్పుల్లో ఎక్కువ డీజిల్వే. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్కు ప్లగ్గే ఉండదు. చాలావాటికి ఉండే గ్లో ప్లగ్‌కి (స్టార్టింగ్ కోసం సిలిండర్‌ని వేడెక్కించేది) వెళ్లేది బ్యాటరీ నుంచి వచ్చే మామూలు వైరు. కొత్త పెట్రోల్ బళ్లలో చాలావాటికి ప్రతి ప్లగ్ నెత్తినా ఒక కాయిల్ కూర్చుంటుంది, అక్కడా పొడుగు వైర్లు లేవు. ఇక మిగిలింది పాత పెట్రోల్ బళ్లు, గ్యాస్ కిట్ పెట్టినవి: వెనక బాడీ కట్టించిన పెట్రోల్ జీపులు, సీట్లు తీసేసి సరుకు తోలుతున్న పాత ఓమ్నీలు. మెసేజ్‌లో ఈ తేడా ఒక్క ముక్క లేదు. డీజిల్ బండి ఓనర్లు కూడా వైర్ల రేటు అడుగుతున్నారంటే కారణం అదే.

ఇప్పుడు కార్బన్ దారం. లోపల ఉండేది దారమే, అంతవరకూ నిజం. గాజు నారకో, కెవ్లార్ లాంటి గట్టి నారకో కార్బన్ పట్టించి పైన రబ్బరు తొడుగు వేస్తారు, మీటరుకి సుమారు 10 నుంచి 20 కిలో ఓముల రెసిస్టెన్స్ వస్తుంది. అది కావాలని పెట్టిన రెసిస్టెన్స్. స్పార్కు దూకిన ప్రతిసారీ ఆ వైరు రేడియో ఏరియల్ పని చేస్తుంది, చుట్టూ ఉన్న రేడియోలో గరగరలు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో సెన్సార్ల సిగ్నళ్లలో గందరగోళం పుడతాయి. వాటిని అణచడానికే ఆ కార్బన్. మరి కరెంటు సగం పోతుందన్న మాట? స్పార్కు దూకకముందు వైరులో పారే కరెంటు దాదాపు ఏమీ లేదు కాబట్టి వోల్టేజీ అక్కడ తగ్గే ప్రశ్నే లేదు. దూకాక పారేది కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు. 50 మిల్లీ ఆంపియర్లు, 10 కిలో ఓములు అనుకోండి, పోయేది 500 వోల్టులు. స్పార్కు దూకించడానికి కాయిల్ అవసరాన్ని బట్టి 10 వేల నుంచి 25 వేల వోల్టుల దాకా పుట్టిస్తుంది, ఆ పైనా ఇవ్వగలిగినవి ఉన్నాయి. పైగా స్పార్కుకి ఎన్ని వోల్టులు కావాలో నిర్ణయించేది ప్లగ్ గ్యాప్ (స్పార్కు దూకే ఖాళీ), సిలిండర్‌లో ఒత్తిడి, గాలి పెట్రోల్ మిశ్రమం. రాగి వేసినా కార్బన్ వేసినా గ్యాప్ దాటడానికి పట్టే వోల్టేజీ ఒకటే. డబుల్ ఎక్కడి నుంచి వస్తుంది?

రాగి అసలు పనికిరాదని నేననను. పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (స్పార్కుని వంతులవారీగా సిలిండర్లకి పంచేది) ఉన్న, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేని పాత జీపుకి, రెసిస్టర్ ప్లగ్గులు గానీ రెసిస్టర్ టోపీలు గానీ ఉంటే రాగి వైరు నిక్షేపంగా నడుస్తుంది. ఎన్‌జీకే ప్లగ్గుల్లో బీపీఆర్6ఈఎస్ లాంటి నంబరులో ఆ 'ఆర్' ఉంటే రెసిస్టర్ ఉన్నట్టు. ఎంపీఎఫ్ఐ బండికి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది), ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండికి మాత్రం ఉత్త రాగి వద్దు. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టే ఉద్దేశం ఉంటే స్పైరల్ కోర్ వైర్లు అడగండి. వాటిలో సన్నటి లోహపు తీగని కోర్ చుట్టూ దగ్గరదగ్గరగా చుడతారు, రెసిస్టెన్స్ తక్కువ, గరగర కూడా ఆగుతుంది, కార్బన్ దారం కన్నా ఎక్కువ కాలం వస్తాయి.

"10 మిల్లీమీటర్ల లావు" దగ్గరే చాలామంది పడిపోతున్నారు. ఆ కొలత పైతొడుగుతో కలిపి చెప్పేది, లోపలి తీగది కాదు. మామూలు వైరు 7 మిల్లీమీటర్లు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1975 మోడళ్లలో హై ఎనర్జీ ఇగ్నిషన్ పెట్టినప్పుడు వోల్టేజీ పెరిగింది కాబట్టి 8 మిల్లీమీటర్ల వైర్లు వాడింది. అంటే ఇగ్నిషన్ మారింది, దాన్ని బట్టి తొడుగు లావైంది. మన బండి కాయిల్ పాతదే ఉంచి వైరు ఒక్కటి లావు చేస్తే అదనంగా వచ్చేదేమీ లేదు. పైగా లావు వైరు క్లిప్పుల్లో పట్టదు, క్లిప్పులు తీసి పారేసి అన్నీ కలిపి టై కట్టేస్తారు, అదింకో తలనొప్పి. పక్కపక్కన ఆనుకున్న వైర్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానిలో ప్రేరణ పుట్టించి తప్పు సిలిండర్‌లో స్పార్కు వేయిస్తుంది. షెవర్లే చిన్న బ్లాక్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఉన్న పాత అమెరికా పికప్పుల్లో ఇది తెలిసిన గొడవే: ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు స్పార్కు కొట్టే వరుస, 1-8-4-3-6-5-7-2, 5, 7 సిలిండర్లు పక్కపక్కనే ఉండి ఒకదాని వెంట ఒకటి కొడతాయి, అందుకే ఆ రెండు వైర్లనీ విడదీసి పట్టుకెళ్లమంటారు.

మైలేజ్ మాటకొద్దాం, ఎందుకంటే అందరికీ కావలసింది అదే. "మా బావ వేయించాడు, నిజంగా పెరిగింది" అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. ఆ బండిలో పాత వైర్లు చచ్చిపోయి ఉన్నాయి, ఒక సిలిండర్ అప్పుడప్పుడు మిస్సింగ్ కొడుతోంది, కాలని పెట్రోల్ సైలెన్సర్ గుండా పోతోంది. ఏ వైరు కొత్తది వేసినా పోయిన మైలేజ్ తిరిగొచ్చేది. 7 మిల్లీమీటర్ల కంపెనీ వైరుకీ అంతే వచ్చేది, ఖర్చు తక్కువలో.

మన దగ్గర వైర్లు చచ్చేది ఎలాగో ఆ మెసేజ్ రాసినవాడికి తెలిసినట్టు లేదు. అంతర్వేది, ఉప్పాడ వైపు తిరిగే బండికి ఉప్పు గాలి, చేపల ట్రేల నుంచి కారే ఉప్పు నీళ్లు, వానల్లో 216 హైవే మీద కింద నుంచి కొట్టే బురద. టోపీ విప్పి చూస్తే లోపలి ఇత్తడి క్లిప్పుకి పచ్చటి చిలుము, క్లిప్పుని వైరుకి నొక్కి బిగించిన చోట (క్రింప్) కార్బన్ దారం కాలి బూడిదలా రాలుతుంది. రబ్బరులో కంటికి ఆనని పగుళ్లు, వాటిలో తేమ. రాత్రి పూట షెడ్డు లైట్లు ఆర్పేసి, ఇంజిన్ ఐడిలింగ్‌లో పెట్టి, దూరం నుంచి స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగా నీళ్లు కొట్టండి, చెయ్యి మాత్రం దేనికీ తగలనివ్వకండి. పోయిన వైరు మీద నీలం గీతలు ఇంజిన్ బాడీ వైపు పాకుతాయి, టిక్ టిక్ మని వినపడుతుంది కూడా. మల్టీమీటర్ ఈ లీకేజీని పట్టుకోలేదు, అది చెప్పేది లోపలి కోర్ తెగిందా లేదా అని మాత్రమే. గ్యాస్ బండి వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, సీఎన్‌జీకి స్పార్కు దూకడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే పెట్రోల్ మీద బానే ఉన్న బండి గ్యాస్‌కి మార్చగానే జర్క్ ఇస్తుంటే గ్యాస్ కిట్‌ని తిట్టేముందు వైర్లూ ప్లగ్గులూ చూడండి.

ఎర్ర సిలికాన్ జన్మంతా ఉంటుందా? రంగుతో పనే లేదు, ఏ రబ్బరుకైనా ఎర్ర రంగు వేయొచ్చు. నిజమైన సిలికాన్ వేడికి బాగా ఆగుతుంది, ఇంజిన్ ముందు సీట్ల కింద మగ్గే ఓమ్నీకి అది మంచిదే. కానీ మెత్తన, పదునైన అంచుకి రాసుకుంటే తెగుతుంది. ఇక దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక వెచ్చటి ఇంజిన్‌లో దూరే ఎలుకకి సిలికానూ ఒకటే, మామూలు రబ్బరూ ఒకటే.

ఇంజిన్ తిరుగుతుండగా వైరు పీకడం మాత్రం దయచేసి మానేయండి. షాక్ ఒకటే కాదు, దారి దొరకని వోల్టేజీ కాయిల్‌లోనే ఇన్సులేషన్ చీల్చుకుని పోతుంది, కాయిల్‌ని నడిపే ఇగ్నైటర్ కూడా పోవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసేది) ఉంటే కాలని పెట్రోల్ అందులోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లోకే రాకూడదు. గ్రీజు సంగతీ అంతే. బేరింగులకి వేసే గ్రీజు చాలా రకాల రబ్బరుని ఉబ్బిస్తుంది. సిలికాన్ డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు అని చిన్న ట్యూబు దొరుకుతుంది, టోపీ లోపలి అంచున వేలితో పల్చగా రాస్తే తేమ లోపలికి పోదు. కూరడం అక్కర్లేదు.

షాపుకి వెళ్తే బండి మోడల్, సంవత్సరం చెప్పి, పాత సెట్టు చేతిలో పట్టుకెళ్లండి. పొడవు, టోపీ వంపు, చివర క్లిప్పు ఒక్కొక్కటీ పోల్చుకోండి. కార్బురేటర్ ఓమ్నీకి ప్లగ్గులకి మూడు, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి ఒకటి, మొత్తం నాలుగు. ఆ నాలుగోది ఇవ్వకుండా సెట్టు అంటే ఒప్పుకోకండి. ఇంజిన్ చల్లారాక ఒకటి తీసి దాని చోట ఒకటి వేయండి, అన్నీ ఒకేసారి పీకితే 1-3-2 ఆర్డర్ తారుమారవుతుంది. లాగేటప్పుడు టోపీ పట్టుకుని లాగాలి, వైరు పట్టుకుని కాదు. అదే చేత్తో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల చూడండి, నల్లటి సన్న గీతలు కనిపిస్తే క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ రెండూ మార్చేయండి, లేకపోతే కొత్త వైర్లు వేసినా మిస్సింగ్ పోదు.