రోజూ కనిపించే పక్షి అరుదెలా అవుతుంది?

అండమాన్‌లో అరుదైన పక్షి కనిపించిందని వార్త వస్తే ఫొటో చూస్తాం, భలే ఉందనుకుంటాం, ఫార్వర్డ్ చేస్తాం, అంతే. నాకు మాత్రం ఆ 'కనిపించింది' దగ్గరే పేచీ. దారితప్పి వచ్చిన వలసపక్షి విషయంలో అది వార్తే, కాదనను. పెద్ద ముక్కుండే నార్కొండం హార్న్‌బిల్ పక్షి సంగతి వేరు.

ఉత్తర అండమాన్‌కి తూర్పున, నడిసముద్రంలో దాదాపు 7 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వత దీవి నార్కొండం. (నరకకుండం అన్న మాటే ఇలా మారిందని కొందరంటారు. చూస్తే మాత్రం పచ్చటి అడవి.) అక్కడి పోలీస్ ఔట్‌పోస్టులో డ్యూటీ చేసేవాళ్లకి ఈ పక్షి మనకి కాకి ఎంతో అంత. లెక్క వెయ్యికి అటూఇటూ తేలింది, అంత చిన్న దీవికి కిక్కిరిసినట్టే. కానీ ఆ ఒడ్డు దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో ఒక్కటంటే ఒక్కటి లేదు.

మన కలివికోడి దీనికి పూర్తిగా రివర్సు. అంతరించిపోయిందనుకున్నాక 1986లో కడప జిల్లా లంకమలలో దొరికింది, ఆ తర్వాత కూడా రాత్రిళ్లు టార్చి పట్టుకుని తిరిగినవాళ్లకి కంటపడటం గగనమే. కనపడదు కాబట్టి దానికోసం కంగారు పడతాం. రోజూ కనపడేదాని గురించి ఎవరికి టెన్షన్?

హార్న్‌బిల్ గూడు చూస్తే తెలుస్తుంది అసలు చిక్కు. ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి మిగతాదంతా లోపల్నుంచి మూసేసుకుంటుంది. ఎర్రగోధుమ రంగు తల ఉన్న మగపక్షి మర్రి, మేడి జాతి పండ్లు తెచ్చి ఆ సందులోంచే అందిస్తుంది. దానికేమైనా అయితే లోపల తల్లీ పిల్లలూ పస్తే. అంటే ముదురు చెట్లు కావాలి, ఆ చెట్లకి మొలకలు కావాలి. ఔట్‌పోస్టు కోసం తెచ్చిన మేకలేమో ఆ మొలకల్నే మేసేశాయి, వాటిని ఏరి తరలించడానికి ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత రాడార్ గొడవ. కోస్ట్‌గార్డ్ అడిగితే 2012లో పర్యావరణ శాఖ కుదరదంది, ప్రభుత్వం మారాక నిర్ణయమూ మారింది. సరిహద్దు నిఘా అక్కర్లేదని నేనూ అనను. కానీ రాడార్ ఒక్కటే రాదు కదా, రోడ్డు, జనరేటరు, మనుషులు, ఎవరూ పిలవకపోయినా ఓడెక్కి ఎలుకలూ వస్తాయి.

అందుకే ఈసారి ఎవరైనా అక్కడికెళ్తే పక్షి ఫొటో వద్దు. ఈ ఏడు ఎన్ని తొర్రలు మూసి ఉన్నాయో, వాటి కింద ఎన్ని మొలకలు లేచాయో ఆ లెక్క పెట్టమనండి.